దొరికిన చోటే నిలబెడతాం

హార్మోనియం సార్ పేరు మీద ఇబ్రహీంపట్నంలో జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి నన్ను పిలిచారు. పిలిచినవాళ్లు సార్ శిష్యులు. నేనూ ఆ బాపతే కనుక మొహమాటపడకుండా ముందే చెప్పేశాను: రాగతాళాల గురించి మాట్లాడటానికి నాకన్నా తెలిసినవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉంటారు, నేను పాడేవాళ్ల గురించి మాట్లాడతానని. అందులోనూ కచేరీ విద్వాంసుల జోలికి పోను. పెళ్లి బరాత్‌లో, గణేష్ మండపంలో, ఆటోలో, ఫోనులో మోగే పాటలు పాడి పేరు తెచ్చుకున్నవాళ్లే ఈ రోజు నాకు విషయం. పేరొచ్చాక ఆ మనిషి ఏమవుతాడు, ఆ మనిషి దగ్గర మనం ఏం ఆశిస్తాం, ఇదీ నా ప్రశ్న.

దీనికి చాలా దూరం పోనక్కర్లేదు. ఇక్కడ బస్సెక్కి సాగర్ రోడ్డు మీద సిటీ వైపు పోతే మంగల్‌పల్లి, బొంగుళూరు గేటు దాటాక తుర్కయంజాల్ వస్తుంది. 2024 మే నెలలో, అక్కడ ఇల్లు కడుతున్న ఒక చోట కూలి పని చేస్తున్న పెద్దాయన వీడియో ఒకటి బయటికొచ్చింది. ఆయన దర్శనం మొగులయ్య. అప్పటికి రెండేళ్ల ముందే పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి ఎవరికైనా పంపి ఉంటారు కూడా. నేనూ పంపాను.

మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. డక్కలి కులం. ఊరూరూ తిరిగి కిన్నెర వాయిస్తూ కథలు చెప్పడం తాతముత్తాతల నుంచి వచ్చిన వృత్తి. కిన్నెర అంటే వెదురు బొంగు, దాని కింద కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, పైన మైనంతో నిలబెట్టిన మెట్లు, వాటి మీదుగా తీగలు. దుకాణంలో కొనే వస్తువు కాదు, వాయించేవాడే చేసుకోవాలి. మెట్టు ఒకటి ఊడితే మళ్లీ మైనం కరిగించి, చెవితో సరిచూసి అతికించాలి. మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఆయన నోట వింటే కిన్నెర తోడు పాడుతోందా, ఎదురు మాట్లాడుతోందా అన్నది తేల్చుకోవడం కష్టం. ఇదంతా పాలమూరు వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లల పుస్తకంలో కూడా ఆయన గురించి ఉంది. కానీ పేరు రావడమంటే మనం అనుకునే పేరు 2021 సెప్టెంబరు 2న వచ్చింది. ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు, ఆయన కిన్నెర వినిపించాయి. పవన్ కల్యాణ్ పుట్టినరోజున విడుదలైన పాట అంటే ఎంతమంది చెవుల్లో పడిందో వేరే చెప్పాలా? 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలం ప్రకటించింది.

ఆ తర్వాత తుర్కయంజాల్ వీడియో. అది చూసిన జనం రెండు పక్షాలయ్యారు. ‘పద్మశ్రీకి ఈ గతి పట్టిందా’ అని ప్రభుత్వాన్ని తిట్టినవాళ్లు ఒక పక్షం. ‘కోటి రూపాయలు ఏం చేశాడట’ అని లెక్క అడిగినవాళ్లు రెండో పక్షం. పాపం ఆయన ఇద్దరికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. పిల్లల పెళ్లిళ్లకు ఖర్చయిందనీ, తుర్కయంజాల్‌లో జాగా కొని ఇల్లు మొదలుపెడితే డబ్బు చాలక మధ్యలో ఆగిందనీ, నెలకు వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందనీ విలేకరుల ముందు చెప్పారు. కెమెరా ముందు నిలబడి ఇంటి జమాఖర్చులు అప్పజెప్పడం! సినిమాకు కోట్లు తీసుకునే నటుణ్ణి ఎవరైనా ఇలా అడిగారా? కూతురి పెళ్లికి ఎంత పెట్టావు, జాగా గజం ఎంతకు కొన్నావు అని?

నాకు అంతకన్నా వింతగా తోచినది ఇంకొకటి ఉంది. రెండు పక్షాల వాళ్ల మనసులోనూ ఒకే బొమ్మ ఉంది. తలపాగా, భుజాన కిన్నెర, ముఖాన పల్లెటూరి నవ్వు. కొందరికి ఆ బొమ్మ చేతిలో పార కనిపించడం బాధ. కొందరికి ఆ బొమ్మ పేరు మీద కోటి కనిపించడం కంటగింపు. బొమ్మ మాత్రం కదలకూడదు. మన దగ్గర పేరు మనిషిని మారమని అడగదు. మారొద్దని అడుగుతుంది. ఎక్కడ దొరికాడో అక్కడే, ఏ వేషంలో దొరికాడో ఆ వేషంలోనే నిలబడమంటుంది. ఈ రోజు నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి దాఖలాలు.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. సార్ కాలంలో పేరు వేరే దారిన నడిచింది. పగలు ప్రభుత్వ బడిలో లెక్కలు, పొద్దుగూకాక హార్మోనియం ఆయన దినచర్య. బడి వార్షికోత్సవానికి పాడే పిల్లల్ని ఎంచే రోజున సార్ ఒక పద్ధతి పెట్టారు. పిల్లలు ఆఫీసు గది తలుపు వెనక నిలబడి పాడాలి, న్యాయనిర్ణేతలు ఇవతల వరండాలో కూర్చోవాలి. ఎవరు పాడుతున్నారో కనిపించదు. పటేల్ గారి అబ్బాయి ఎవరో, సుతారి మేస్త్రీ కూతురు ఎవరో తెలిసేది కాదు. మేస్త్రీ కూతురే రెండుసార్లు గెలిచింది. సర్పంచ్ గారికి కోపం వచ్చిందని విన్నాను.

సినిమా పాట కూడా చాలాకాలం ఆ తలుపు వెనకాలే ఉంది. ఘంటసాల గొంతు ఎన్.టి.ఆర్. ముఖంలోంచి, ఏయన్నార్ ముఖంలోంచి వచ్చేది. ఇద్దరికీ ఇద్దరిలా పాడేవారు. సుశీలమ్మ, జానకమ్మ పాడిన పాటలకు సావిత్రి, జమున, వాణిశ్రీ ముఖాలు. పెద్దపెద్ద సభలు, సన్మానాలు గాయకులకు లేవని కాదు. ఘంటసాలకు 1970లో పద్మశ్రీ వచ్చింది, ఆ మరుసటి ఏడాది అమెరికా, యూరప్ తిరిగి పాడి వచ్చారు. 1974 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు జనం. అయినా ఆయన ఇంట్లో ఏం వండుకున్నారో, ఎవరితో మాట్లాడలేదో తెలియాలని ఎవరికీ పట్టలేదు. పేరంతా గొంతుకు వచ్చింది. మనిషికి కొంత నీడ మిగిలింది.

ఆ తలుపు తెరిచింది టీవీ. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ పాటల పోటీ మొదలైంది. దాన్ని నడిపిన ఎస్పీ బాలు గారు పాడటమే కాదు, మాట్లాడేవారు, నవ్వేవారు, పిల్లల ఉచ్చారణ దిద్దేవారు, మధ్యలో కళ్లు తుడుచుకునేవారు. వారం వారం మన ముందుగదిలోకి వచ్చి కూర్చున్న మనిషి ఆయన. గొంతు పేరు ముఖానికి కూడా చేరడం అక్కడ మొదలైంది. దాని వెల 2020లో తెలిసింది. ఆగస్టులో చెన్నై ఆసుపత్రిలో చేరింది మొదలు సెప్టెంబరు 25 దాకా ఆయన ఊపిరితిత్తుల స్థితి తెలుగువాళ్లందరికీ రోజువారీ వార్త. కొడుకు చరణ్ గారు వీడియోల్లో ఎప్పటికప్పుడు చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే పుకార్లు. ప్రేమతోనే అడిగాం, కాదనను. ఆ ప్రేమకు జవాబు చెప్పడానికి తండ్రి మంచం పక్కనుంచి లేచి రావాల్సిన కొడుకు గురించి ఆలోచించామా అన్నదే నా సందేహం.

ఆ ‘పాడుతా తీయగా’ వేదిక నుంచే స్మిత వచ్చారు. తెలుగులో పాప్ అని చెప్పుకోదగ్గ ఆల్బమ్ ‘హాయ్ రబ్బా’తో ఆమెకు పేరు. సినిమా అక్కర్లేకుండా పాట, ఆ పాటకు పాడిన మనిషే ముఖం. హీరోయిన్ పెదవులు కదపదు, పాడినావిడే ఆడుతుంది కూడా. ఇప్పుడు ఇది మామూలు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చానల్ మార్చేవాళ్లు. క్యాసెట్ కంపెనీలు పోయాయి, యూట్యూబ్ వచ్చింది, ఆ దారి హైవే అయింది.

ఆ హైవే మీద మొదట గట్టిగా నడిచినవాళ్లలో రాహుల్ సిప్లిగంజ్ ఒకడు. పాతనగరం గల్లీల్లో పెరిగినవాడు, తండ్రి సెలూన్‌లో చేయి సాయం చేసినవాడు. సినిమాల్లో 2009 నుంచే పాడుతున్నాడు, కానీ కుర్రకారు ఆయన్ని పట్టుకున్నది తానే రాసి, పాడి, తీసి యూట్యూబ్‌లో పెట్టిన పాటలతో. ‘మంగమ్మ’, ‘పూర్ బాయ్’ లాంటివి. హైదరాబాదీ యాస, గల్లీ దోస్తులు, వినాయకుడి ముందు తీన్మార్. మన పోరడు అనిపించింది. 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్ గెలిచాడు. ఒక్క నిమిషం ఆ ఆట సంగతి చూడండి. మూడు నెలలకు పైగా ఒక ఇంట్లో పడుకుని లేచి, తిని, అలిగి, ఏడ్చి, అవన్నీ కెమెరాకు వదిలేయాలి. ఓటు పడేది ఆ అలకకూ ఏడుపుకూ. పాటగాడు అక్కడ గెలిచింది పాడి కాదు, ‘లోపల కూడా మనవాడే’ అని జనానికి నమ్మకం కలిగించి. లోపలి మనిషి అని మనం పిలిచేదాన్ని కూడా వేదిక మీదికి తెచ్చి పెట్టిన ఆట అది.

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ వేదిక. దీపికా పదుకోన్ పరిచయం చేశాక కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడాడు. కాసేపటికి ఆ పాటకు బహుమతి వచ్చింది. కీరవాణి గారు, చంద్రబోస్ గారు అందుకున్నారు. ఆస్కార్ నియమం అంతే, పాట రాసినవారికి, స్వరపరిచినవారికే ఆ బొమ్మ. పాడిన గొంతుకు లేదు. మన రాష్ట్రం మాత్రం 2025 బోనాల నాడు ఆయనకు కోటి రూపాయలు ప్రకటించింది. మొగులయ్యకు ప్రకటించినదీ కోటే. ఒకే అంకె. ఒకరిని ఆ డబ్బేం చేశావని అడిగారు, ఇంకొకరిని ఎవరూ అడిగినట్టు నేను వినలేదు. వయసులో, కులంలో, మార్కెట్‌లో ఎక్కడున్నావు అన్నదాన్ని బట్టి ఒకే కోటి ఒకచోట సన్మానమవుతుంది, ఒకచోట అప్పులాగా మీద కూర్చుంటుంది.

రాహుల్ విషయంలో ఎక్కువమంది పట్టించుకోని ముక్క ఒకటుంది. ఆయన ఏడేళ్లకు పైగా గజల్ నేర్చుకున్నాడు, పండిట్ విఠల్‌రావు గారి దగ్గర. విఠల్‌రావు గారంటే హైదరాబాదు గజల్ గాయనానికి పెద్ద దిక్కుగా ఉన్న మనిషి. గజల్‌లో ఒక మాట మీద ఆగి, ఊపిరి బిగబట్టి, దాన్ని మూడు తీర్లుగా పలికించాలి. తీన్మార్ కొట్టే గొంతు కింద ఆ శిక్షణంతా ఉంది. ఆయన పాడిన ‘రంగస్థలం’ టైటిల్ పాటలో దమ్ము ఎక్కడినుంచి వచ్చిందో వినేవాడికి తెలుస్తుంది. కానీ ఆయన రేపు ఒక గంటసేపు గజల్ కచేరీ పెడితే టికెట్ కొనేవాళ్లు ఎంతమంది? కొన్నవాళ్లలో సగంమంది పది నిమిషాలకు ‘అన్నా, నాటు నాటు’ అని అరవరా? ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడను. బయటి బొమ్మలో పట్టని విద్య ఒకటి ఆయన దగ్గర ఉందన్నంత వరకే నా సాక్ష్యం.

బయటి దేశాల్లో ఈ బొమ్మతో తగువు ఇంకో రకంగా నడిచింది. ఇంగ్లండులో డేవిడ్ జోన్స్ అనే కుర్రవాడు డేవిడ్ బోయీ అని పేరు మార్చుకుని, ఆ పేరు మీద జిగ్గీ స్టార్‌డస్ట్ అని ఇంకో వేషం కట్టాడు. ఎర్ర జుట్టు, ముఖాన రంగులు, వేరే లోకం నుంచి దిగినట్టు నడక. లోకమంతా ఆ వేషాన్ని నెత్తిన పెట్టుకుంది. 1973 జులై 3న లండన్‌లో నిండు హాలు ముందు, ఇదే ఆఖరి ఆట అని ప్రకటించి ఆ వేషాన్ని చంపేశాడు. వెనక వాయించేవాళ్లలోనే కొందరికి ఆ సంగతి ముందు తెలియదు. ఆ తర్వాత వేరే వేషాలతో నలభై ఏళ్లకు పైగా బతికాడు. అది అందరికీ సాగిందని కాదు. అమెరికా పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ 2008 నుంచి 2021 దాకా తన డబ్బు మీద, తన రోజు మీద తనకే హక్కు లేకుండా కోర్టు నియమించిన సంరక్షణలో ఉంది. ఆ మధ్యకాలంలోనే లాస్ వెగాస్‌లో వందల ఆటలు ఆడింది. బయట బొమ్మ ఆడుతూనే ఉంది, లోపలి మనిషికి సంతకం చేసే హక్కు లేదు.

బోయీ చంపింది తాను కట్టిన వేషాన్ని. మన పాటగాళ్ల వేషం వాళ్లు కట్టుకున్నది కాదు. అది వాళ్ల ఊరు, వాళ్ల గల్లీ, వాళ్ల తండా, వాళ్ల యాస. దాన్నెలా చంపుతారు? చంపితే అమ్మను కాదన్నట్టు. అందుకే ఇక్కడ తగువు ముదురుతుంది.

గద్దర్ సంగతి తీసుకోండి. ఆయన్ని పాప్ గాయకుడంటే కొట్టడానికి వచ్చేవాళ్లున్నారు, ఆయనే నవ్వేవారేమో. కానీ తెలుగు నేలమీద ఒక గాయకుడి బొమ్మ అంత బలంగా నిలిచినది ఇంకొకటి నాకు కనిపించదు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం చేశారు, 1984లో వదిలేశారు. గదర్ పార్టీ నుంచి తీసుకున్న పేరు గద్దర్ అయి, ఇంటి పేరు, ఒంటి పేరు రెంటినీ మింగేసింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, చొక్కా లేని ఒళ్లు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్చారు. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. జనానికి ఆ తూటా కూడా గద్దర్ బొమ్మలో భాగమే. అది మోస్తూ పడుకున్నది మాత్రం విఠల్‌రావు.

ఆ మనిషి డెబ్బై దగ్గరపడ్డాక గుళ్లకు వెళ్లాడు. 2018లో మొదటిసారి ఓటు వేశాడు. కోటు, టై కట్టుకుని కనిపించాడు. అప్పుడు వచ్చిన మాటలు గుర్తున్నాయా? రాజకీయంగా విభేదించడం వేరు. విభేదించే హక్కు ఆయన సహచరులకు ఉంది, వాళ్ల వాదనలో బలమూ ఉంది. నేను చెప్పేది పార్టీ లేనివాళ్ల మాట. చాయ్ హోటల్లో కూర్చుని ‘గద్దర్ కోటేసుకుంటే ఎట్ల’ అన్నవాళ్ల సంగతి. వాళ్లలో ఒక్కడూ గొంగడి కప్పుకుని తిరగడం నేను చూడలేదు. మన వంతు గొంగడి కూడా ఆయనే కప్పుకోవాలి, మన వంతు కోపం కూడా ఆయనే పాడాలి, మనం మాత్రం పిల్లల్ని అమెరికా పంపుకోవాలి. 2023 ఆగస్టు 6న ఆయన పోయాక ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది. నంది అవార్డు వద్దన్న మనిషి పేరు మీద అవార్డులు! పేరు అనేది పోయినవాడి చేతిలో ఎంత ఉంటుందో చూశారు కదా.

ఆడవాళ్ల విషయానికొస్తే కట్టు ఇంకా బిగుస్తుంది. మంగ్లీ అని మనం పిలిచే సత్యవతి పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర బంజారా తండాలో. సంగీతం తిరుపతి కాలేజీలో నేర్చుకుంది. తెలంగాణ యాస వి6 చానల్లో ‘మాటకారి మంగ్లీ’గా మాట్లాడుతూ పట్టుకుంది. ఎంత బాగా పట్టుకుందంటే, బతుకమ్మ వచ్చినా, బోనాలు వచ్చినా ఆమె పాట లేకుండా పండుగ లేదన్నంతగా. తర్వాత సినిమాలు, ‘రాములో రాములా’, ‘సారంగదరియా’. 2021 జులైలో ఆమె బోనాల పాటలో అమ్మవారిని ఉద్దేశించిన ఒక మాట తప్పని ఫిర్యాదు చేశారు. మాట రాసింది ఆమె కాదు. అయినా పడాల్సిన తిట్లన్నీ ఆమెకే పడ్డాయి. అందులో సగం ఆ మాట గురించి కూడా కావు, ‘నువ్వు ఎక్కడిదానివి’ అన్న ప్రశ్న. అప్పటిదాకా మా బిడ్డ అన్న నోళ్లే పుట్టిన ఊరు తవ్వి తీశాయి. పాటలో మాట మార్చారు.

ఇక్కడ ఇంకో కొసరు ఉంది, అది మంగ్లీ పక్షాన మాట్లాడేవాళ్లు వదిలేస్తారు. ‘సారంగదరియా’ సినిమాలోకి రాకముందే కోమలి అనే గాయని టీవీ పాటల పోటీలో పాడింది. తాను పల్లెలో సేకరించిన పాటకు తనకు గుర్తింపు లేదని ఆమె అడిగింది. రాసిన సుద్దాల అశోక్ తేజ గారు అది జానపదమని, చరణాలు తనవని చెప్పారు. మాట్లాడుకున్నారు, గొడవ సద్దుమణిగింది. ఊరి నోట్లో ఉన్న పాట ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పేరు ఒకే ముఖం మీద పడినప్పుడు ఆ పాట చుట్టూ ఉన్న మిగతా ముఖాలు చీకట్లో పడతాయి. తప్పు వెలుతురు పడిన ముఖానిది అనలేం.

కొంచెం దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను. మన చుట్టూ ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయో మీకు తెలుసు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే వరసగా ఫెస్టులే. అలాంటి ఒకదానికి నన్ను వ్యాసరచన పోటీ బహుమతులు ఇవ్వడానికి పిలిచారు. రాత్రికి ఒక యూట్యూబ్ గాయకుడి కార్యక్రమం. ఆయన పేరు అనవసరం. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. తెల్లటి నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలు, బ్యాంకులో ఆఫీసరులా ఉన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు క్యారియర్‌లో పెరుగన్నం తిన్నాడు, గొంతుకు చల్లటిది పడదట, పెరుగు కూడా గోరువెచ్చని నీళ్లు కలిపి చిలికించుకున్నాడు. ఫోనులో ఎవరితోనో జీఎస్టీ గురించి చక్కటి ఇంగ్లీషులో మాట్లాడాడు. పిలుపు రాగానే మేనేజర్ ఒక ప్లాస్టిక్ డబ్బా తెరిచాడు. అందులోంచి గొలుసులు ఒక్కొక్కటే తీసి మెడలో వేసుకున్నాడు, నల్ల కళ్లద్దాలు, చిరుగుల జాకెట్. గుమ్మం దాటేలోపు నడక మారిపోయింది. మైకు అందుకోగానే బస్తీ యాసలో ఒక కేక. గ్రౌండంతా ఊగింది.

దిగి వచ్చాక సెల్ఫీల వరస. ఒక పిల్లవాడు ఫోను పట్టుకుని ‘అన్నా, మా దోస్త్‌ది బర్త్‌డే, ఒక్కసారి వాణ్ణి పేరు పెట్టి తిట్టు’ అన్నాడు. ఆయన పాటల్లో అలా తిట్టడం ఫేమస్ అట. తిట్టాడు. ఇంకొకడు వచ్చాడు, మళ్లీ తిట్టాడు. ప్రతిసారీ అదే నవ్వు, అదే చేతి విసురు. ఆఖరికి గదిలోకి వచ్చి గొలుసులు తీసి, లెక్కపెట్టి డబ్బాలో పెట్టాడు. ‘ఇంట్లో మా అమ్మాయి ముందు ఒరేయ్ అనను సార్’ అన్నాడు నాతో, నేను అడగకుండానే. నాకది మోసంలా అనిపించలేదు. కొలువు బట్టలు విప్పి చిలక్కొయ్యకు తగిలించినట్టు ఉంది. ఆ డబ్బాకు మూత పడుతున్నంత కాలం ఆ మనిషి క్షేమం. రీల్స్ కోసం ఇంట్లో టిఫిను చేసేటప్పుడు కూడా గొలుసులు వేసుకోవాల్సి వచ్చిన రోజున ఇక మూత వేసేదెప్పుడు?

ఇక డబ్బు సంగతి. ఇది ఎవరూ సభల్లో మాట్లాడరు, వినడానికి అందం ఉండదు కనుక. ఈ మండలంలోనే పాడే పిల్లలు చాలామంది ఉన్నారు, జానపదాలు, లవ్ ఫెయిల్యూర్ పాటలు, డీజే పాటలు. చానల్ వాళ్లు పిలిచి పాటకు ఇంత అని మాట్లాడుకుని చేతిలో పెడతారు. ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఆ తర్వాత పాటకు కోట్ల వ్యూస్ వచ్చినా ఆ పిల్లకు వచ్చేది కొత్త పాటకు పిలుపే. పేరు పిల్లది, పైకం చానల్‌ది. మన కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, పాడినవారికి కూడా రాయల్టీలో వాటా కల్పించారు. ఆ మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం ‘ఇస్రా’ ఏర్పడింది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బొమ్మ మీద హక్కు లేనివాడు బొమ్మను మార్చుకోనూ లేడు, అద్దెకిచ్చి బతకనూ లేడు.

ఇప్పుడు గొంతు కూడా మనిషిని వదిలి తిరుగుతోంది. ‘కీడా కోలా’ సినిమాలో బాలు గారి గొంతును కృత్రిమ మేధతో తయారుచేసి వాడారని, తమను అడగలేదని ఆయన కుటుంబం 2024 మొదట్లో నోటీసు పంపింది. సరిగ్గా అదే రోజుల్లో ఏ.ఆర్. రెహమాన్ చనిపోయిన ఇద్దరు తమిళ గాయకుల గొంతుల్ని ‘లాల్ సలామ్’ సినిమా కోసం అలాగే వాడారు. కుటుంబాలను ముందే అడిగానని, వాళ్లకు పారితోషికం ఇచ్చానని చెప్పారు. అదే ఏడాది జులైలో అరిజిత్ సింగ్ బొంబాయి హైకోర్టుకు వెళ్లి, తన పేరు, గొంతు, పాడే తీరు అనుమతి లేకుండా వాడకూడదని మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నాడు. అరిజిత్‌కు లాయర్లున్నారు. బాలు గారి వెనక కుటుంబం ఉంది. యాచారంలోనో మంచాలలోనో ఉండి ఒక్క పాటతో పేరు తెచ్చుకున్న అమ్మాయి గొంతును రేపు ఎవడైనా ఎత్తుకుపోయి, ఆమె చచ్చినా పాడని పాట పాడిస్తే, ఊరు ముందు ఆమెనే నిలదీస్తుంది. మంగ్లీ విషయంలో మాట రాసినవాణ్ణి వదిలి పాడినామెను పట్టుకున్న జనమే కదా మనం.

కమిటీ పెద్దలు ఇక్కడే ఉన్నారు కనుక ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఈ స్మారక నిధి మీద ఏటా వచ్చే వడ్డీలో కొంత తీసి, ఇబ్రహీంపట్నం కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు గారితో మాట్లాడండి. ఈ చుట్టుపక్కల మండలాల్లో పాడే పిల్లలు చానల్ వాళ్ల కాగితం మీద సంతకం పెట్టేముందు ఆయనకు చూపించుకునే ఏర్పాటు చేయండి. నెలలో ఒక ఆదివారం చాలు. చోటు మన గ్రంథాలయంలో దొరుకుతుంది. డబ్బు చాలదంటే ఉపన్యాసకుడికి ఇచ్చే శాలువా, మెమెంటో ఖర్చు అటు మళ్లించండి. ఈ రోజు నాకు కప్పిన శాలువా మాత్రం వెనక్కి అడగొద్దు, అది మా ఆవిడ చూసేసింది.